ఊరికే ఇచ్చిన ఉప్పు

నాకు అవార్డు వచ్చిందని హైదరాబాదు నుంచి ఫోన్ చేసిన పెద్దమనిషిని నేను మొట్టమొదట అడిగిన మాట, రైలు టికెట్టు మీరే తీస్తారా అని. ఆయన కాస్త ఆగి, విమానం టికెట్టే పంపుతామండీ అన్నారు. అయితే తోడు వచ్చే మనిషికి కూడా పంపండి, నేను ఒంటరిగా రాలేను అన్నాను. నేను ఒంటరిగా ఎక్కడికైనా పోగలను. అడక్కపోతే పోతుందేమోనని అడిగాను. కిరాణా కొట్టులో పుట్టి పెరిగినవాళ్లకు ఇదొక జబ్బు. పిల్లలకు పుస్తకాలు రాసినందుకు నన్ను ఇంత గౌరవించబోతుంటే ఒక్క మంచిమాట కూడా అనలేదని ఫోన్ పెట్టేశాక గానీ తోచలేదు. ఆ సిగ్గు చిన్నది. ఆ ఏడాది నేను పడబోయే సిగ్గుకు అది కొసరు.

మాది కోయంబత్తూరు. మనవాళ్లు ఇక్కడికి ఎప్పుడు వచ్చారని ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే, రాజుల కాలంలో అనేవాళ్లు. ఏ రాజులో వాళ్లకూ తెలియదు, తెలిసినా సరుకు అమ్మడానికి అది పనికిరాదు. బడిలో చదివింది తమిళం. వీధిలో తమిళం. పెళ్లిపత్రికల మీద అచ్చు తమిళం. తెలుగు ఇంట్లో ఉండేది, కొట్టులో ఉండేది. కొట్టును మేము కడ అంటాం. కడలో తెలుగుకు ఒక ప్రత్యేకమైన ఉద్యోగం ఉండేది. గిరాకీ ఎదురుగా నిలబడి తమిళంలో బేరమాడుతుంటే, ఇంకెంతవరకు దిగవచ్చో, ఏ డబ్బాలోది పాత సరుకో, నాన్నా అత్తా ఒకరికొకరు తెలుగులో చెప్పుకునేవాళ్లు. ఆ గిరాకీ కూడా ఇంటికి పోయి తెలుగే మాట్లాడే మనిషని తర్వాత బయటపడడం మా వీధిలో మామూలు. అయినా ఎవరూ ఆ అలవాటు మానలేదు.

అత్త అంటే నాన్నకు అక్క. భర్త పోయాక కొడుకును చంకన వేసుకుని పుట్టింటికి వచ్చి, వచ్చిన మర్నాడే కడలో కూర్చుంది. మాకు ఎదురువరసలో పెద్ద కడ ఒకటి ఉండేది. గాజు బీరువాలు, పైన తిరిగే పంకా, తెల్లచొక్కా వేసుకున్న పనివాళ్లు. దాన్ని ఓడించడానికి అత్త కనిపెట్టిన ఉపాయం కథ. ఇళ్లలో చిన్నాచితకా సరుకులకు పిల్లలనే పంపేవాళ్లు. సరుకు కట్టి ఇచ్చేటప్పుడు కొసరుగా నాలుగు పుట్నాలు ఏ కడలోనైనా చేతిలో వేస్తారు. మా కడలో పుట్నాలతో పాటు కథ ఒక ముక్క దొరికేది. కాగితం మడవగానే అత్త కథ మొదలుపెట్టేది. పొట్లానికి దారం చుట్టేటంత సేపు అది నడిచేది. దారం తెంపగానే కథ కూడా తెగేది. ఏనుగు వాకిట్లో నిలబడి ఉండగానో, ముసలమ్మ జవాబు చెప్పడానికి నోరు తెరవగానో తెంపేది. మిగతాది మళ్లీ ఏదైనా కొనడానికి వచ్చినప్పుడు. డబ్బా నిండా ఆవాలు ఉండగానే ఆవాలు అయిపోయాయని తల్లుల ప్రాణం తీసిన పిల్లలు మా వీధిలో చాలామంది ఉన్నారు.

ఒక అధ్యాయం చదివితే రెండోది చదవకుండా ఉండలేమండీ అని ఇప్పుడు నా పుస్తకాల గురించి అంటారు. అదేదో కళ అనుకుంటారు. అది గిరాకీని నిలుపుకునే పద్ధతి. అత్త పక్కన కూర్చుని దారం అందిస్తూ నేర్చుకున్నాను.

ఏనుగు కథను అత్త ఎన్నడూ పూర్తి చేయలేదు. పూర్తయితే పిల్లలు ఎదురు కడకు పోతారు.

తెలుగు అక్షరాలు మాత్రం నాకు మిరపకాయల బస్తాలు నేర్పాయి. గుంటూరు నుంచి వచ్చే బస్తాల మీద వ్యాపారి పేరూ ఊరూ నల్లరంగుతో కొట్టి ఉండేవి. వాళ్లే పంపిన కేలండరు కడ గోడకు వేలాడేది. ఎర్రటి అంకెల మీద ఉన్న గీతలు ఆదివారమే అయి ఉండాలని లెక్క కట్టి, ఆ అక్షరాలను బస్తాల మీద వెతుక్కునేదాన్ని. మా ఇంట్లో తెలుగు చదవగలిగిన మొదటి మనిషిని నేనే. దానికి నన్ను మెచ్చుకోవాలో, కళ్లు పాడవుతాయని తిట్టాలో నాన్నకు తెలిసేది కాదు.

ఒకసారి ఆ గుంటూరు వ్యాపారి స్వయంగా మా కడకు వచ్చాడు. నేను ఎదురుపోయి, కాఫీ తాగుతారా, ప్రయాణం బాగా జరిగిందా అని మా ఇంటి తెలుగులో అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. నవ్వు ఆపుకోలేకపోయాడు, అంతే.

“ఏం తెలుగమ్మా ఇది! ఇంకోసారి అను, మావాడు కూడా వింటాడు,” అని వెంట వచ్చిన మనిషిని దగ్గరికి పిలిచాడు.

మళ్లీ అన్నాను. ఇద్దరూ నవ్వారు. సరుకు ఇచ్చేవాడు నవ్వితే నవ్వాలి గనుక అత్త కూడా నవ్వింది. నేను బయటికి పోయి ఉప్పుమూటల మీద కూర్చున్నాను. ఉప్పుమూటలు ఎప్పుడూ కడ బయటే పడి ఉండేవి. తలుపులు వేసి తాళం పెట్టినా వాటిని లోపలికి లాగేవాళ్లు కాదు. ఉప్పును ఎవరూ దొంగిలించరు.

పెద్దయ్యాక కథలు రాసి పత్రికలకు పంపడం మొదలుపెట్టినప్పుడు, మొదటిది తిరిగి వచ్చింది. కథ బాగుంది, భాష సరిచూసుకోండి అని ఒక మూల రాసి ఉంది. సరే, సరిచూసుకున్నాను. చందా కట్టి పత్రికలు తెప్పించుకున్నాను, రేడియో విన్నాను, మా ఇంటి మాటలను ఒక్కొక్కటిగా ఏరి పారేసి వాటి స్థానంలో అచ్చులో కనిపించే మాటలు పెట్టాను. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాను. నా పని బేరం లాగే సాగింది. వాళ్లు అచ్చు వేశారు, నేను నాలుక ఇచ్చాను. నీలగిరి బండి ఎక్కిన మేక కథ, గొడుగు బాగుచేసే కోడి కథ, ఒకటి తర్వాత ఒకటి పుస్తకాలయ్యాయి. ఆంధ్రాలో బడులకు పిలిచేవాళ్లు. తమిళనాడులో ఉండి ఇంత స్వచ్ఛమైన తెలుగు ఎలా అని ఎవరైనా అంటే నేను తల వంచుకుని, ఏదో మీ అభిమానం అనేదాన్ని. ఆ తల వంచుకోవడం అద్దం ముందు సాధన చేసిన తల వంచుకోవడం. ఆ మాట విన్న ప్రతిసారీ గుంటూరు వ్యాపారి నవ్వును తిరిగి ఆయన చేతిలో పెట్టినట్టు ఉండేది.

అవార్డు ఏనుగు కథకు వచ్చింది. అత్త తెగ్గొట్టిన కథకు నేను ముగింపు రాశాను. కొండ దిగి వచ్చిన ఏనుగు ఒక ముసలమ్మ దుకాణం ముందు నిలబడి ఉప్పు అడుగుతుంది. ఇవ్వడానికి నా దగ్గర నీడ తప్ప ఏమీ లేదంటుంది. ముసలమ్మ కళ్లు చెమరుస్తాయి. ఏమీ ఇవ్వక్కర్లేదు నాయనా అని జాడీ తెచ్చి ఉప్పంతా దాని ముందు ఊరికే పోస్తుంది. ఆ చివరి పేజీని న్యాయనిర్ణేతలు బాగా పొగిడారు. కరుణ అన్నారు. బేరాల ఇంట్లో పుట్టినదానికి కరుణ ఎక్కడినుంచి వచ్చిందా అని నాకే ఆశ్చర్యం వేసింది.

అత్త ఇప్పుడు కారమడైలో కొడుకు దగ్గర ఉంటుంది. ఆ కొడుకు, నాకు బావ, మేట్టుపాళయం మండీలో వక్కల వ్యాపారం చేస్తాడు. పుస్తకం వచ్చినప్పుడే బావకు ఒక ప్రతి ఇచ్చాను. ఆయన దాన్ని దేవుడి అరలో పెట్టాడు. చదవడం రాని పుస్తకాన్ని ఇంకెక్కడ పెడతారు. అవార్డు సంగతి తెలిసి ఫోన్ చేసి, సంతోషమంతా చెప్పాక గొంతు తగ్గించాడు. అమ్మకు మరుపు ఎక్కువయింది, మనుషులను గుర్తుపడుతుంది గానీ పొద్దున తిన్నది గుర్తుండదు అన్నాడు. నీకు ఏనుగు కథకు బహుమానం వచ్చిందని చెప్పినప్పటి నుంచి ఆ కథ చెప్పమని ఒకటే అడుగుతోంది, నాకేం తెలుసు, నేను కడలో ఏనాడైనా కూర్చున్నానా అని ఫోన్ ఆమెకు ఇచ్చాడు.

“అమ్మిణీ, నేను ఒక యేనుగ కథ చెప్పేదాన్ని కదా,” అంది అత్త, మాటకు ఒత్తు కావాలంటే తమిళం ‘దా’ తగిలించే మా ఇంటి తెలుగులో. “పిల్లోళ్లు వచ్చేది గ్యాపకం ఉండాది. దారం తెంపేది గ్యాపకం ఉండాది. ఆ యేనుగ మన కడకు ఏమి కొనేదానికి వచ్చె? అది దా దొరకలా. నీ దగ్గర ఉండాదంట. ఇయ్యి.”

అప్పుడే చెప్పి ఉండవచ్చు. ఒక్క మాట. కానీ మా కులసంఘం వాళ్లు నాకు కోయంబత్తూరులో సన్మానం పెట్టారు. కల్యాణమండపం, వేదిక, పిల్లలకు కథ చదవాలని కార్యక్రమం. నా కళ్లముందు వేదికా, ముందువరసలో అత్తా, నేను చదువుతుంటే ఆమె ముఖం వెలగడమూ కనిపించాయి. కథలు రాసేవాళ్లకు మనుషులను కూడా పేజీలో సర్దుకునే పాడుబుద్ధి ఉంటుంది. ఫోన్లో వద్దత్తా, నేరుగా చెప్తాను, సన్మానానికి రండి అన్నాను.

“వస్తే చెప్తావా?”

“ముందువరసలో కూర్చోవాలి.”

“సరి. మోసం చేయకూడదు,” అంది.

సన్మానం రోజు మండపం నిండింది. అధ్యక్షుడు తమిళంలో మాట్లాడాడు, మధ్యలో మూడు మాటలు తెలుగువి వేశాడు, వాటికి చప్పట్లు పడ్డాయి. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశారు, కాగితాన్ని వేళ్లతో నలిపి చూశారు. మావాళ్లు ఏ సరుకునైనా అలాగే చూస్తారు. మంచి కాగితం అన్నారు. మాకు చదివేదానికి రాదమ్మా, అయినా మనోళ్లకంతా ఎంత పెరుమ, ఎంత గొప్ప అని నాకు శాలువా కప్పారు. నేను మందహాసం చేశాను. ఈ మండపంలో ఉన్న ఇంతమందిలో నేను రాసింది చదవగలిగినది నేను ఒక్కదాన్నే. గిరాకీ లేని వీధిలో కడ తెరిచి, దూరపు ఊరివాళ్లు మెచ్చుకున్నారని పూలదండ వేసుకుని కూర్చున్నాను.

పిల్లలను ముందు కింద కూర్చోబెట్టారు. వాళ్ల వెనక కుర్చీలో అత్త, పట్టుచీర కట్టుకుని, చెవి నా వైపు తిప్పుకుని. నేను పుస్తకం తెరిచి చదివాను. “పర్వతపాదాన ఉన్న ఆ చిన్న దుకాణం ముంగిట ఒక ఏనుగు వినయంగా తొండం సాచి నిలిచింది.” బాగా చదివాను. ఆంధ్రాలో ఎన్ని బడుల్లో చదవలేదు. అక్కడ ఈ వాక్యం దగ్గర పిల్లలు ముందుకు జరుగుతారు. ఇక్కడి పిల్లలు కదలలేదు. మర్యాదగల పిల్లలు, చూపు తిప్పకుండా నన్నే చూస్తున్నారు, గుడిలో పూజారిని చూసినట్టు. ఒక్కొక్క మాటా ఆ ముఖాల మీద పడి జారిపోవడం కనబడుతోంది. ఆపేసి మా ఇంటి మాటలో చెబుదామా అనిపించింది. కెమెరా ఉంది, శాలువా ఉంది. చివరి పేజీ దాకా చదివాను. అధ్యక్షుడు చప్పట్లు కొట్టగానే అందరూ కొట్టారు.

అత్త చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని ఉంది. కన్నీళ్లేమోనని ఆశపడి వేదిక దిగి ఆమె దగ్గరికి పోయాను. నా చేయి పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

“బాగా చదివితివి, అమ్మిణీ,” అంది. “ఏ సామి కథ అది?”

పక్కన ఉన్న బావ తల పక్కకు తిప్పుకున్నాడు. నేను శాలువా మడత సరిచేసుకున్నాను. చెమటకు అది మెడ మీద గరగరలాడుతోంది, తీసేద్దామంటే అందరూ చూస్తున్నారు.

“మా యేనుగ కథ ఎప్పుడు చెప్తావు?” అని అడిగింది అత్త. “నేను వస్తిని కదా. ముందరే కూర్చుంటిని కదా. బేరం బేరమే.”

అందుకని బావ ఆమెను కొన్నాళ్లు మా ఇంట్లో వదిలిపెట్టి మండీకి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం అత్తను వసారాలో కూర్చోబెట్టి, ఈసారి పుస్తకం లేకుండా చెప్పబోయాను. పర్వతం అని వచ్చింది. నాలుక కరుచుకుని కొండ అన్నాను. దుకాణం అన్నాను, కడ అన్నాను. ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఏరుకోవలసి వచ్చింది. అప్పుడు బియ్యంలోంచి రాళ్లు ఏరాను, ఇప్పుడు రాళ్లలోంచి బియ్యం ఏరుతున్నాను. అత్త ఊ కొడుతూనే ఉంది, కానీ ఆ ఊ కొట్టడం ఎలాంటిదో నాకు తెలుసు. కొనే ఉద్దేశం లేని మనిషి మర్యాదకు సరుకు చూస్తూ కొట్టే ఊ అది.

చివరికి విసిగి, ఏనుగు ఉప్పు కొనడానికి వచ్చింది అత్తా, అంతే అన్నాను.

అత్త తల అడ్డంగా ఊపింది. “ఉప్పా? ఉప్పు బయటే పడి ఉండునే. దానికి బేరమేమి? ఎవరో నీకు మార్చి చెప్పిండారు. అది వాళ్ల కథ. మన కథ చెప్పు.”

నేను లేచి లోపలికి పోయి కాఫీ పెట్టాను. గిన్నె మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడ్డాను. మన కథ ఆమె దగ్గర లేదు, మరుపు తినేసింది. నా దగ్గర ఉంది గానీ ఆమె విప్పలేని పొట్లం కట్టి పెట్టాను. ప్రపంచంలో ఈ కథ అడుగుతున్న ఒకే ఒక్క మనిషి మా వసారాలో కూర్చుని ఉంది, ఆమెకు ఇవ్వడానికి నాకు చేతకావడంలేదు. దీనికే నాకు బహుమతి ఇచ్చారు.

అలా రెండుమూడు రోజులు గడిచాయి. అత్త రోజూ అడిగేది. నేను రోజూ ఏదో పని చెప్పేదాన్ని.

ఒక పొద్దున ఆకుకూరలావిడ గేటు దగ్గర బుట్ట దించింది. మా వీధికి కొత్త. నేను తమిళంలో బేరం మొదలుపెట్టాను. కూర వాడిందన్నాను, కట్ట సన్నగా ఉందన్నాను. ఆమె తలమీది గుడ్డచుట్ట విప్పి ముఖం తుడుచుకుంటూ, నువ్వు వాడావు తల్లీ, కూర వాడలేదు అని తమిళంలోనే అంది. వెనక వసారాలోంచి అత్త గొంతు వినిపించింది, మెల్లగా, తెలుగులో, కడలో చెప్పినట్టే.

“పట్టు ఇడువొద్దు. ఎండ వచ్చె. ఇంగ ఆమె బుట్ట ఎత్తుకొని నడవలేదు. దిగుతుంది చూడు.”

“దిగకపోతే పోనీండి అత్తా, మునగాకు మన పెరట్లోనే ఉండాది,” అన్నాను వెనక్కి తిరక్కుండానే.

అన్నాక గానీ నా చెవికి తట్టలేదు, నేను ఎలా మాట్లాడానో. ఏరుకోలేదు, వెతుక్కోలేదు. అది నోట్లోనే ఉంది, ఇన్నాళ్లూ.

ఆకుకూరలావిడ బుట్ట పక్కనే చతికిలబడి నవ్వింది. “నాకూ తెలుగు వస్తుంది లేమ్మా. మాది అవినాశి పక్కన. ఇంట్లో అంతా ఇదే. మీ అత్త చెప్పింది నిజం దా, ఇంగ నడవలేను. అట్లని దిగను.”

నాకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. మా తాతల నాటి తప్పే మళ్లీ చేశాను. అత్త మాత్రం ఏమీ జరగనట్టు కుర్చీ చేతుల మీద బలం వేసి లేచి, గోడ పట్టుకుంటూ గేటు దాకా వచ్చింది. ఆకుకూరలావిడ కూర్చున్న చోటును చూసింది. మా ప్రహరీగోడ నీడ అక్కడ పడుతోంది.

“మా నీడలో కూర్చొని ఉండావు కదా,” అంది ఆమెతో. “నీడ ఊరికే వస్తుందా? ఒక కట్ట కొత్తిమిరి ఎయ్యి దానికి.”

ఆకుకూరలావిడ పకపక నవ్వింది. నేను నవ్వలేకపోయాను. గేటు పట్టుకుని నిలబడిపోయాను. అత్త కడలో చెప్పిన కథలో ఏనుగు నీడకు ముసలమ్మ ఇలాగే బేరం చేసింది. అత్తకు ఆ సంగతి గుర్తులేదు. సన్మానంలో నేను చదివినా ఆమెకు ఎక్కలేదు. కానీ నీడను చూడగానే దానికి వెల కట్టింది.

నేను గేటు అవతలికి పోయాను. వీధిలో నిలబడి చేయి ఒకటి ముక్కు ముందు తొండంలా చాపాను. అరవై దాటిన మనిషిని, ఎదురింటివాళ్లు స్కూటర్ తీస్తూ చూస్తున్నారు. చూడనీ.

“ఏమత్తా, కడ తెరిచి ఉండాదా?”

అత్త నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత ఆమె నడుము కాస్త నిటారయింది. “తెరిచే ఉండాది. ఏమి కావాల?”

“ఉప్పు.”

“ఎంత?”

“నా నోటికి సరిపోయేటంత.”

“నీ నోటికి మా కడ చాలదు,” అంది అత్త, ఏమాత్రం తడుముకోకుండా. “ఏమి ఇస్తావు?”

“కొండమీద నుంచి వస్తిని. చేతిలో ఏమీ లేదు. నీడ ఉండాది. మీ కడకు పడమటి ఎండ కొడుతుంది కదా, వాకిట్లో నిలబడతాను.”

“ఎంతసేపు?”

“పొద్దు వాలేదాకా.”

“ఎట్ల నిలబడతావు? పొడుగ్గానా, అడ్డంగానా?”

“పొడుగ్గా.”

“పొడుగ్గా నిలబడితే నీడ సన్నం. అడ్డంగా నిలబడాల. చెవులు ఊపాల. గాలి కొసరు.”

ఆకుకూరలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. గాలి కొసరు అన్న మాట నేను మరిచిపోయాను. పుస్తకంలో లేదు. చిన్నప్పుడు దారం అందిస్తూ నేను విన్న మాట అదే, ఆ వరసలోనే. అత్త దాన్ని జ్ఞాపకంలోంచి తీయలేదు. బేరంలోంచి తీసింది.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ నా చివరి పేజీ నన్ను పొడిచింది. న్యాయనిర్ణేతలందరూ మెచ్చిన ముగింపు కదా, అత్తకు కూడా అది ఇవ్వాలని ఆశ పుట్టింది. తొండం కాస్త వంచి, గొంతు దీనంగా పెట్టి అన్నాను.

“అంతసేపు నిలబడేదానికి కాదు అత్తా. కాళ్లు నొస్తుండాయి. ఊరికే ఇయ్యండి.”

అత్త ముఖం మారిపోయింది. కోపం కాదు. మన మనిషే అనుకున్నవాళ్లు మోసం చేస్తే వచ్చే ముఖం అది.

“ఊరికేనా?” అంది. “ఉప్పు బయటే పడి ఉండాది. నన్ను అడిగే పని లేదు, తొండంతో ఎత్తుకొని పోయి ఉండొచ్చు, ఎవరు పట్టుకొంటారు యేనుగను? అట్ల చేయలా. వాకిట్లో నిలబడి, ఉప్పు ఉండాదా అని అడిగె. అది బిచ్చానికి వచ్చిండాదా? కొనేదానికి వచ్చిండాది. దానికి ఊరికే ఇస్తే ఇంగ ఏ ముఖంతో మళ్లీ వస్తుంది?”

నా చేయి ముక్కు ముందు నుంచి దానంతటదే కిందికి వచ్చింది.

నా పుస్తకంలో ఉప్పు లోపల జాడీలో ఉంటుంది. బయట మూటలు లేవు. నేనే వాటిమీద కూర్చుని ఏడ్చినదాన్ని, అయినా వాటిని లోపలికి లాగేశాను, ముసలమ్మ దయ బాగా కనబడాలని. ఏనుగును తొండం సాచి దీనంగా నిలబెట్టాను. ఆ పేజీకి చప్పట్లు వచ్చాయి. అత్త కథలో ఏనుగు గిరాకీ, నా కథలో అది బిచ్చగాడు.

ఆకుకూరలావిడ బుట్ట నెత్తికెత్తుకుంటూ ఒక కొత్తిమిరి కట్ట తీసి అత్త చేతిలో పెట్టింది. నీడకు, అంది. అత్త దాన్ని వాసన చూసి, సరి, చిన్న కట్ట అయినా సరి అంది. నాకు మాత్రం ఆమె కూర వెల ఒక్క రవ్వ కూడా తగ్గించలేదు.

బావ వచ్చి అత్తను తీసుకుపోయిన మర్నాడే ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. రెండో ముద్రణ వస్తోంది, అట్ట మీద అవార్డు ముద్రతో. చివరి పేజీ మారుస్తాను అన్నాను. ఆయన కంగారుపడ్డాడు. ఆ పేజీకే కదండీ బహుమతి, దాన్నే కదా అందరూ మెచ్చారు, పాఠ్యపుస్తకంలోకి కూడా అడుగుతున్నారు అన్నాడు. నాకు బేరం తెలుసు. ఇంకొక్క మాట గట్టిగా అంటే దిగేవాడేమో. పాఠ్యపుస్తకం అనగానే నా నోరు మెత్తబడింది. సరే, ఆలోచిద్దాం అన్నాను. మా కడలో గిరాకీ ఆలోచిద్దాం అంటే కొనడని అర్థం. ఆయనకు కూడా ఆ అర్థం తెలుసు, హమ్మయ్య అన్నాడు. కొత్త ప్రతులు వచ్చాయి. ముద్ర బంగారురంగు, మెరుస్తోంది. వాటి కట్ట ఇంకా విప్పలేదు.

అత్త కారమడై నుంచి ఫోన్ చేస్తుంది. బావ కలిపి ఇస్తాడు. గేటు దగ్గర జరిగింది ఆమెకు గుర్తులేదు, ఆకుకూరలావిడ గుర్తులేదు. కథ ఒకటి నా దగ్గర నిలిచి ఉందన్నది మాత్రం వదల్లేదు.

నేను కూరగాయలు తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో మాట్లాడతాను. ఏనుగుగా మాట్లాడితే వస్తుంది, నాలాగా మాట్లాడితే రాదు. అడ్డంగా నిలబడతాను గానీ తోక కూడా ఊపమంటే కుదరదు అంటాను. తోక ఊపితే దా ఈగలు పోతాయి అంటుంది ఆమె. పనయ్యాక ఎక్కడున్నామో అక్కడ ఆపేస్తాను.

నిన్న ఫోన్ పెట్టేసే ముందు అడిగింది.

“చివరికి ఉప్పు ఇచ్చెనా లేదా, ఆ ముసలామె?”

బల్ల కింద కొత్త ప్రతుల కట్ట నా కాలికి తగులుతోంది. ఇచ్చిందని దాంట్లో రాసి ఉంది, నా పేరుతో.

“ఇంకా బేరం తెగలేదత్తా,” అన్నాను.

కథ తెగిన చోట పొట్లం అందుకునే పిల్లలా పలికింది అత్త గొంతు.

“సరి,” అంది. “అయితే మళ్లీ వస్తా.”